గలతీ 5:20లోని ‘అభిచారము’ను మన దిక్కు ‘బాణామతి’ అని చెప్పొచ్చా?

పరకాల (ప్రశ్న):
యువజన కూటంలో బైబిల్లోని గలతీ పత్రిక (పౌలు గలతీయులకు రాసిన ఉత్తరం) 5వ అధ్యాయం పాఠం ఉన్నది. శరీర కార్యాల వరుసలో ‘విగ్రహారాధన, అభిచారము, ద్వేషములు, కలహము’ అని వస్తది. అభిచారమన్న మాట ఊళ్లల్ల ఎవరి నోట్లోనూ లేదు. సగం మంది దాన్ని ‘వ్యభిచారము’ అని చదివేస్తరు. ముందర జారత్వము, కాముకత్వము ఉన్నయి గనుక తప్పు చదివినమన్న అనుమానం కూడా రాదు. ‘అభిచారమంటే బాణామతి’ అని ఒక్క ముక్కల చెప్తే సరిపోతదా, చేతబడి అనాల్నా? భాష తెలిసినోళ్లు, వాక్యం తెలిసినోళ్లు ఇద్దరూ చెప్పండి.

హనుమకొండ:
అమ్మా, ముందు మాట సంగతి చూద్దాం. రెండు మాటలకూ ‘చర్’ ధాతువే మూలం. అభిచారమంటే ఒకరి మీదికి గురిపెట్టి చేసే క్రియ. దానికి ముందు ‘వి’ చేరితే వ్యభిచారం, దారి తప్పిన నడత. అథర్వవేద సంప్రదాయంలో శత్రువుకు కీడు తలపెట్టి చేసే కర్మను అభిచారం అన్నారు. తంత్ర గ్రంథాల షట్కర్మల్లో శాంతి తీసేస్తే మిగిలిన వశ్యం, స్తంభనం, విద్వేషణం, ఉచ్చాటనం, మారణం ఈ నీడలోకే వస్తాయి. బైబిలు తెలుగు చేసినవాళ్లు పండితులు వాడే మాట తీసుకున్నారు, అందుకే ఊరికి అందలేదు.

పౌలు రాసిన గ్రీకు మాట ఫార్మకేయా. దాని వేరు ఫార్మకోన్, అంటే మందు. రోగం తగ్గించేదీ ప్రాణం తీసేదీ వశం చేసుకోవడానికి తాగించేదీ అన్నీ ఆ ఒక్క మాటలోనే ఉన్నాయి. కాబట్టి మన దిక్కు మాటల్లో దీనికి దగ్గరగా ఉన్నది బాణామతి కాదు, ‘మందు పెట్టుడు’. భర్త చెప్పుచేతల్లో ఉండాలని కూరలో కలిపేది, ఆస్తి తగాదాలో పాలోడికి పెట్టించేది, ‘మందు కక్కిస్తం’ అని బోర్డు కట్టి పసరు తాగించేది, ఈ వ్యవహారమంతా ఫార్మకేయా కిందికి వస్తుంది. మందు కక్కించే చోట ఒక మాట గట్టిగా చెప్పండి. పసరుతో పదే పదే వాంతులు చేయిస్తే ఒంట్లో నీరు, లవణాలు పడిపోతాయి. స్పృహ సరిగా లేని మనిషికైతే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కడుపులోంచి పడిందని చూపించే వెంట్రుకల ఉండ చాలాసార్లు కక్కించేవాడి చేతిలోంచి వచ్చిందే.

డోర్నకల్:
సార్ చెప్పింది కొత్త నిబంధన వైపు. పాత నిబంధనలో చిక్కు ఇంకా ఎక్కువ. అక్కా, ద్వితీయోపదేశకాండము 18:10-11 పాత అనువాదంలో తీసి చూడండి. సోదెగాడు, మేఘ శకునాలు, సర్ప శకునాలు చెప్పేవాడు, చిల్లంగివాడు, మాంత్రికుడు, ఇంద్రజాలకుడు, కర్ణపిశాచి నడుగువాడు, దయ్యముల యొద్ద విచారణ చేయువాడు అని వరుసగా ఉంటుంది. ఇందులో చిల్లంగివాడు, అంటే చేతబడి చేసేవాడు, అన్న చోట హెబ్రీలో మెఖష్షేఫ్ ఉంది. అదే మాట బహువచనంలో నిర్గమకాండము 7:11లో ‘మంత్రజ్ఞులు’ అయింది. అదే మాట స్త్రీలింగంలో నిర్గమకాండము 22:18లో ‘శకునము చెప్పుది’ అయింది. మీకా 5:12లో మళ్లీ చిల్లంగి. ఒక్క వేరుకు తెలుగులో మూడు ముఖాలు. పదకోశం పట్టుకొని తెలుగు మాట వెంబడి పోతే ఈ వచనాలు ఒక చోట కలవవు. పాఠానికి ముందు ఈ నాలుగింటినీ ఒక కాగితం మీద పక్కపక్కన రాసుకోండి.

నిర్గమ 22:18తో జాగ్రత్త. 1611 నాటి ఇంగ్లీషు అనువాదంలో అక్కడ మంత్రగత్తె అనే అర్థమున్న మాట పడింది. యూరప్‌లో ఆడవాళ్లను ఉరి తీసినోళ్లు, కాల్చినోళ్లు చూపించిన వచనం ఇదే. క్రీస్తు పూర్వపు గ్రీకు అనువాదంలో మాత్రం అక్కడ ఫార్మకోన్ కుటుంబానికి చెందిన మాటే ఉంది. దాన్ని పట్టుకొనే 1584లో ఇంగ్లండులో రెజినాల్డ్ స్కాట్, ఆ వచనం విషం పెట్టేవాళ్ల గురించేనని వాదించాడు. తెలుగులో ‘శకునము చెప్పుదానిని’ అని ఉండేసరికి మన ఊళ్ల చదివేటోళ్లకు ఎరుక చెప్పే ఎరుకల ఆమె గుర్తుకొస్తది. బుట్ట పట్టుకొని వాడకట్టు తిరిగే ఆమె మీదికి ఈ వచనాన్ని తిప్పడం ఘోరం. అది పాత ఇశ్రాయేలు రాజ్య శిక్షాస్మృతి. సంఘానికి ఆ శిక్ష వేసే అధికారం ఎవరూ ఇవ్వలేదు.

గారడీ మాట కూడా ఇట్లాంటిదే. అపొస్తలుల కార్యములు 13:6లో బర్‌యేసును గారడీవాడు అన్నరు, గ్రీకులో మాగోస్. మత్తయి 2లో తూర్పు నుంచి వచ్చిన ‘జ్ఞానులు’ కూడా మాగోస్ బహువచనమే. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో సీమోను గారడీ చేస్తుండెను అంటే పిల్లలు సంతలో టోపీలోంచి పావురం తీసే మనిషిని అనుకుంటరు. ఆ సీమోనును సమరయ జనం దేవుని శక్తి అని పిలిచిన్రు. వినోదానికి చేసే హస్తలాఘవం మీద ఈ వచనాల్లో ఒక్క మాటా లేదు.

పరకాల:
బాగుంది అన్నా. కానీ పెద్దమనుషులు అడిగేది ఇదొక్కటే: బాణామతి ఉన్నదంటరా, లేదంటరా? లేదంటే బైబిలే నమ్మవా అంటరు. ఉన్నదంటే ఎవరు చేసిన్రో చెప్పమంటరు.

కాజీపేట:
ఈ ప్రశ్న మీద సంఘం అన్ని కాలాల్లో ఒకే తీరుగా మాట్లాడలేదు. అది దాచకుండా చెప్పడమే మంచిది.

తొలి శతాబ్దాల సంఘ పండితుడు అగస్టీను లెక్క ప్రకారం దురాత్మలు నిజం. దేవుని అనుమతి దాటి అవి ఏమీ చేయలేవు, చూపించేది ఎక్కువగా భ్రమ. 785 ప్రాంతంలో ఫ్రాంకుల రాజు షార్లెమేన్ సాక్సనుల కోసం చేసిన చట్టంలో, ఫలానా ఆమె మంత్రగత్తె అని నమ్మి కాల్చేవాడికే మరణశిక్ష పెట్టాడు. 906 ప్రాంతంలో ప్ర్యూమ్ మఠం రెజినో చేర్చిన నియమంలో, రాత్రిపూట దేవత వెంట గాలిలో తిరుగుతామని చెప్పే స్త్రీలు కలను నిజమనుకుంటున్నారని, అలా నమ్మడమే తప్పని ఉంది. 1080లో పోపు ఏడవ గ్రెగొరీ డెన్మార్క్ రాజుకు ఉత్తరం రాశాడు: తుఫానులకూ రోగాలకూ ఆడవాళ్లను కారణం చేసి హింసించొద్దని. అప్పటిదాకా సంఘం మాట ఎక్కువగా ఇటే ఉంది.

తర్వాత తిరగబడింది. 1484లో పోపు ఎనిమిదవ ఇన్నొసెంట్ ఆజ్ఞాపత్రం మంత్రగత్తెలను పట్టి విచారించే సంఘ అధికారులకు బలమిచ్చింది. 15 నుంచి 18వ శతాబ్దం దాకా ఈ నెపంతో యూరప్‌లో చంపబడినవాళ్లు 40 నుంచి 50 వేలని చరిత్రకారుల అంచనా. అందులో కథోలికులు, ప్రొటెస్టంట్లు ఇద్దరి చేతులూ ఉన్నాయి. 1692లో అమెరికాలోని సేలంలో 19 మందిని ఉరి తీశారు. ఎక్కువ మంది మీద సాక్ష్యం ఏమిటి? ‘ఆమె రూపం నాకు కనిపించి గిచ్చింది’ అన్న మాట. ఇక్కడ ‘కలలకొచ్చి గొంతు పట్టింది’ అని వేలు చూపించడానికీ దానికీ తేడా లేదు. ఆ రకం సాక్ష్యం చెల్లదన్న తర్వాత అక్కడి కేసులు నిలబడలేదు.

కాబట్టి పెద్దమనుషులకు జవాబు ‘ఉన్నది, లేదు’లో ఇరుక్కోవద్దు. కీడు కోరి మంత్రం ఆశ్రయించేవాళ్లు ఉన్నారు, అది పాపం. దానికి విశ్వాసి మీద అధికారం లేదు. ఎవరు చేశారన్నది మన ప్రశ్నే కాదు. ఈ మూడూ ఇదే వరుసలో చెప్పాలి. మూడోది వదిలేస్తే మొదటిది ఊళ్లో కొట్లాట అవుతుంది.

డోర్నకల్:
సంఖ్యాకాండము 23:23 దీనికి పనికొస్తది. తెలుగులో ‘యాకోబులో మంత్రము లేదు, ఇశ్రాయేలీయులలో శకునము లేదు’ అని ఉన్నది. హెబ్రీలో ఆ విభక్తికి ‘లో’ అనీ ‘మీద’ అనీ రెండర్థాలు పొసుగుతయి. ‘యాకోబు మీద మంత్రం పారదు’ అని చదివే అనువాదాలు చాలానే ఉన్నయి. మోయాబు రాజు బాలాకు ఇశ్రాయేలును శపించడానికి పిలిపిస్తే బిలాము చెప్పిన మాట గనుక, రెండో చదువు ఆ సందర్భానికి బాగా కుదురుతది. భయంతో వచ్చినోళ్లకు ఇది చదివి వినిపించండి.

హనుమకొండ:
ఇప్పుడు బాణామతి ఎందుకు వద్దంటున్నానో చెప్తాను. ‘అభిచారము’ చేసేవాడి వైపు నుంచి వచ్చిన మాట. నువ్వు చేయొద్దు అంటుంది. ‘బాణామతి’ మన ఊళ్లలో పడ్డవాడి వైపు నుంచి వచ్చే మాట. ‘మా మీద చేసిన్రు’ అంటారే గానీ ‘నేను చేసిన’ అనేవాడు ఉండడు. పాఠంలో ఆ మాట పడగానే వినేవాడు తన హృదయం వదిలేసి పక్కింటి దిక్కు చూస్తాడు. అట్లా చూపు పడేది ఒంటరి ముసలమ్మ మీద, పొలం గట్టు తగాదా ఉన్నవాడి మీద. పౌలు వరుసలో అభిచారము తర్వాతి మాటలేవి? ద్వేషములు, కలహము, మత్సరములు. బాణామతి నెపం పెట్టడానికి కావలసినవన్నీ ఆ మూడింటిలో ఉన్నాయి.

ఇంకొక మాట ‘దయ్యము’. ఇక్కడ దయ్యమంటే చచ్చినవాళ్ల ఆత్మ. ద్వితీయోపదేశకాండము 18:11లో హెబ్రీ ‘చనిపోయినవారు’ అంటే తెలుగు ‘దయ్యములు’ అంది. సువార్తల్లో అపవిత్రాత్మకూ దయ్యమే. రెండూ ఒకే మాటలో పడేసరికి, పట్టింది ఫలానా చచ్చిన ఆమేనని జనం ఖాయం చేసుకుంటారు. సువార్తల్లో ఎక్కడా దయ్యాన్ని చనిపోయిన మనిషి అనలేదు. చదివేటప్పుడు ‘దురాత్మ’ అని విడమరచండి.

కాజీపేట:
ప్రార్థన చేసేవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. మార్కు 5:9లో యేసు ‘నీ పేరేమి’ అని అడిగాడని చూపించి, కొందరు ‘నిన్ను ఎవరు పంపిన్రు’ అని గద్దిస్తారు. ఆ రెండో ప్రశ్న సువార్తల్లో ఎక్కడా లేదు. పూనకంలో ఉన్న మనిషి నోట ఒక పేరు వస్తే తెల్లారేసరికి ఆ ఇంటి మీదికి మంది పోతారు. కథోలిక సంఘంలో భూతోచ్చాటన ఏ గురువైనా సొంతంగా చేయడానికి లేదు. సంఘ చట్టం 1172వ నియమం ప్రకారం మేత్రాణుల (బిషపు) స్పష్టమైన అనుమతి ఉండాలి. అంతకుముందు వైద్య పరీక్ష తప్పదు. ఫిట్స్, నిద్రలో కదలలేక గుండె మీద ఎవరో కూర్చున్నట్టుండడం, కాన్పు తర్వాత వచ్చే మతి భ్రమ, ఇవి వైద్యం ఉన్నవి. మానసిక సహాయానికి టెలీ మానస్ 14416 నంబరు ఉంది. కొట్టడం, మిరపకాయల పొగ పెట్టడం, తిండి ఆపడం ఏ పేరుతో చేసినా నేరమే. ఒకరి ఇంటి మీదికి జనం పోతున్నారంటే ప్రార్థన అయ్యేదాకా ఆగొద్దు, 112కు చేయండి.

తాయెత్తు తీసేసి దాని చోట వచనం రాసిన కాగితం కట్టడం కూడా పాత సమస్యే. నాలుగో శతాబ్దపు లవొదికయ సభ 36వ నియమంలో గురువులు తాయెత్తులు చేయకూడదని నిషేధించింది. తలనొప్పికి తాయెత్తు కట్టుకునేకన్నా సువార్త పుస్తకం తల దగ్గర పెట్టుకుంటే మేలని అగస్టీను ఒప్పుకున్నాడు. కానీ దాని చోటు తల పక్కన కాదు, హృదయంలో అన్నాడు. ప్రార్థించిన నూనె సీసాకు ధర కట్టి, గడప నాలుగు మూలలా చల్లమని చెప్తే అది యాకోబు 5:14లోని నూనె కాదు.

ఎఫెసు సంగతి పాఠంలో తప్పక పెట్టండి. అపొస్తలుల కార్యములు 19లో మంత్ర పుస్తకాలు కాల్చింది వాటిని వాడినవాళ్లే, ఎవరివి వాళ్లే తెచ్చుకొని. వెల 50 వేల వెండి రూకలు. ఎవరి ఇల్లూ సోదా చేయలేదు.

పరకాల:
అయితే బోర్డు మీద ఇట్ల రాస్త, చూడండి: ‘అభిచారము: ఒకరికి కీడు చేయాలనో, ఒకరిని వశం చేసుకోవాలనో మంత్రం, మందు వాడుడు.’ కింద చిన్నగ: వ్యభిచారము వేరే మాట.

హనుమకొండ:
‘వాడుడు’ పక్కన ‘వాడించుడు’ కూడా రాయండి అమ్మా. డబ్బులిచ్చి చేయించేవాళ్లు, విరుగుడు పేరుతో ఎదురు చేయించేవాళ్లు తమకు ఇది వర్తించదనుకుంటారు.