“ఒరులేయవి” పద్యంలో దేవుడెక్కడ?

తరగతిలో తిక్కన పద్యం చెబుతున్నాను:

ఒరులేయవి యొనరించిన
నరవర! యప్రియము తన మనంబునకగుఁ దా
నొరులకు నవి సేయకునికి
పరాయణము పరమధర్మపథముల కెల్లన్

ఇతరులు ఏవి చేస్తే తన మనసుకు అప్రియమవుతుందో, వాటిని తాను ఇతరులకు చేయకుండా ఉండటమే పరమధర్మ మార్గాలన్నిటికీ దిక్కు అని భావం. వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, “పరమధర్మం అంటూ దేవుడి మాట ఒక్కటీ లేదేమిటి మాస్టారూ? దేవుణ్ణి నమ్మనివాళ్లకు కూడా ఇది వర్తిస్తుందా?” అని అడిగింది. వర్తిస్తుందని అనేశాను గానీ, ఇంటికొచ్చి మళ్లీ పదం పదం చూసుకున్నాను. నిజమే. ఒరులున్నారు, తానున్నాడు, నడుమ మనసుంది. శిక్షించేవాడు ఎవరూ లేరు. “నరవర” కూడా వింటున్న రాజును పిలిచిన పిలుపే.

నన్ను పట్టి ఆపిన మాట “సేయకునికి”. చేయక, ఉనికి. అంటే చేయకుండా ఉండటం. ఉనికి అనగానే ఇప్పుడు మనకు దేవుడి ఉనికి మీద వాదాలు గుర్తొస్తాయి. ఈ పద్యంలో ఉన్నది మనిషి ఉనికి, అదీ ఒక పనికి దూరంగా. “పరాయణము” అంటే చివరకు చేరవలసిన దిక్కు. నారాయణపరాయణుడు అని భక్తుణ్ణి అనే మాట. ఇక్కడ ఆ దిక్కు ఒక చేయకపోవడం! అన్వయంలో తప్పుంటే ఈ బృందంలోని పెద్దలు దిద్దాలి.

ఒక సభ్యుడు:
అన్వయం బాగుంది. కానీ తిక్కన తన భారతాన్ని అంకితమిచ్చింది హరిహరనాథుడికి. ఆయన్ని నాస్తికుల పంక్తిలో కూర్చోబెట్టకండి. కావ్యమంతా ఉన్న దేవుణ్ణి ప్రతి పద్యంలో పేరు పెట్టి పిలవనక్కర్లేదు. అయినా పాపభీతి లేనివాడు, ఎవరూ చూడనప్పుడు దొరికిన పర్సును ఎందుకు తిరిగిస్తాడండీ?

ఒక సభ్యురాలు:
నాస్తికుడు అన్న మాటను కాస్త చూసి వాడదాం. ఆస్తిక, నాస్తిక పదాలు ఎలా పుట్టాయో చెబుతూ వ్యాకరణకర్త పాణిని రాసిన “అస్తి నాస్తి దిష్టం మతిః” అన్న సూత్రంలో దేవుడి ఊసే లేదు. ఉంది, లేదు అన్నది పరలోకం గురించి అని వ్యాఖ్యాతలు చెప్పారు. మనుస్మృతిలో అది “నాస్తికో వేదనిందకః”, అంటే వేదాన్ని నిందించేవాడు నాస్తికుడు, అయింది. ఈ లెక్కన, వేదాన్ని ప్రమాణంగా పట్టుకుని సృష్టికర్త అక్కర్లేదన్న మీమాంసకులు ఆస్తికులు, వేదాన్ని ఒప్పుకోకపోయినా అహింసను ప్రాణంగా పట్టుకున్న జైనులు నాస్తికులు! దేవుడు లేడనేవాడికి నిరీశ్వరవాది అన్న మాట వేరే ఉంది.

ఇక పాపభీతి అన్నారు. పాపం అన్న మాటను తెలుగు ఏం చేసిందో గమనించారా? “పాపం, ఎంత దెబ్బ తగిలిందో” అంటాం. అక్కడ తప్పు చేసినవాడు లేడు, నరకమూ లేదు. ఆ మాట మన నోట్లో పడి జాలిగా మారింది. నాకొకసారి బస్సు సీటు కింద పర్సు దొరికింది. విప్పితే డబ్బుతో పాటు నాలుగు మడతలు పెట్టిన మందుల చీటీ. “పాపం, ఎవరిదో” అనుకున్నాను. దేవుడూ గుర్తు రాలేదు, భయమూ గుర్తు రాలేదు.

మొదటి సభ్యుడు:
మందుల చీటీ లేకపోతే?

సభ్యురాలు:
ఒకటి రెండు రోజులు ఆలోచించేదాన్నేమో. అబద్ధం ఎందుకు చెప్పాలి!

మాస్టారు:
ఆ రెండు రోజులూ మనల్ని నిద్రపోనివ్వనిదాన్నే మనస్సాక్షి అన్నారు. సాక్షి అంటే స్వయంగా చూసినవాడని వ్యుత్పత్తి. ఎవరూ చూడలేదని మనమంటాం, ఒకడు చూశాడని ఆ మాట అంటుంది. ఆ ఒకడు దేవుడా, తానేనా అన్నది ఎవరి నమ్మకం వారిది.

నా చిక్కు వేరు. “తన మనంబునకు” అన్నప్పుడు కొలబద్ద తన మనసే కదా. ఎవరు తిట్టినా చీమ కుట్టినట్టయినా లేని మొరటువాడికి, ఇతరులను తిట్టడానికి ఈ పద్యం అనుమతిస్తున్నట్టేనా? “దేవుడు చూస్తున్నాడు” అని వాణ్ణి అదిలించవచ్చు. కానీ దేవుడు దేన్ని తప్పంటాడో వాడు తన మొరటు మనసుతోనే ఊహించుకుంటాడు.

సభ్యురాలు:
“ఏయవి” అన్నాడు కదండీ. ఏవైతే అవి. తిట్టు అని ఒక్కదాని పేరు చెప్పలేదు. తిట్టు తాకనివాడికి నమ్మినవాడు మోసం చేస్తే తాకుతుంది. అక్కణ్ణుంచి ఎదుటివాడి తిట్టుదాకా నడిచి రావడం వాడి పని.

మొదటి సభ్యుడు:
“ఏయవి” దగ్గర ఒప్పుకున్నాను. పర్సు దగ్గర మాత్రం కాదు.