బతికున్న నాటకకర్త మీద అధ్యయన సమితి: నియమావళి, స్క్రిప్టులు, పత్రిక గురించి సలహా కావాలి

పెన్నాతీరం (అనంతపురం)

నమస్కారం. సీమ యాసలో రాస్తున్న ఒక నాటకకర్త రచనల మీద అనంతపురంలో అధ్యయన సమితి పెట్టాలనుకుంటున్నాం. అధ్యాపకులు, పరిశోధక విద్యార్థులు, ఆయన నాటికలు ఆడిన నటులు కలిసి పదిమందిదాకా ఉన్నాం. రచయిత ఇంకా రాస్తున్నారు, సమితికి సుముఖంగానే ఉన్నారు. ఇది శాలువాల సంఘంగా మిగిలిపోకూడదన్నది మా పట్టుదల. రిజిస్టర్ చేయించాలా? ఆయన్ను గౌరవాధ్యక్షుడిగా పెట్టొచ్చా? స్క్రిప్టులు చాలావరకు అచ్చు కాలేదు, నాటక పోటీలు పెట్టే పరిషత్తుల కోసం తీసిన జిరాక్సులే. వాటిని ఎలా పోగుచేయాలి? ఏడాదికొక పత్రిక తేవడం మా వల్ల అవుతుందా?

దేవునికడప

రిజిస్టర్ చేయించండి. 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడుగురు ఉంటే చాలు. మెమొరాండం, నియమావళి, సభ్యుల గుర్తింపు పత్రాలు, కార్యాలయం ఎవరింట్లో పెడితే ఆ ఇంటి యజమాని అంగీకారం తీసుకుని జిల్లా రిజిస్ట్రార్ దగ్గరికి వెళ్లాలి. సంఘం పేరులో రచయిత పేరు వస్తుంది కాబట్టి ఆయన సమ్మతి కాగితం మీద ఉండాలి. ఆ తర్వాత సంఘం పేరునే పాన్, ఇద్దరి సంతకాలతో బ్యాంకు ఖాతా. చందాలు కోశాధికారి సొంత ఫోన్‌పే నంబరుకు వచ్చే పద్ధతి మొదలైతే రెండో ఏటికే లెక్క తెగదు.

నియమావళిలో జనం పట్టించుకోని చోటు కోరం, అంటే సమావేశం చెల్లడానికి ఉండాల్సిన కనీస హాజరు. 'మొత్తం సభ్యుల్లో మూడోవంతు' అని రాసుకుంటారు. శాశ్వత సభ్యులు వంద దాటాక, వాళ్లలో సగంమంది బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉంటే సర్వసభ్య సమావేశం ఎన్నటికీ జరగదు. మూడోవంతు లేదా పదిహేనుమంది, ఏది తక్కువైతే అది అని రాయండి. కోరం లేక వాయిదా పడితే అరగంట తర్వాత వచ్చినవాళ్లతోనే జరపవచ్చని కూడా చేర్చండి. శాశ్వత సభ్యత్వ రుసుమును ఫిక్స్‌డ్ డిపాజిట్లో ఉంచి వడ్డీ మాత్రమే వాడాలి. దాన్ని మొదటి సదస్సు భోజనాలకు ఖర్చుపెట్టేస్తే ఆ సభ్యులకు జీవితాంతం పత్రిక ఎక్కడి నుంచి పంపుతారు?

కొత్త కార్యవర్గాన్ని ఎన్నుకున్న పదిహేను రోజుల్లో జాబితా రిజిస్ట్రార్‌కు ఇవ్వాలి. ఇవ్వకపోతే రికార్డులో పాత పేర్లే ఉంటాయి, బ్యాంకులో సంతకాలు మార్చుకోవడం దగ్గరే పని ఆగిపోతుంది.

గౌరవాధ్యక్షుడి విషయంలో నా మాట: వద్దు. ఏ పదవీ వద్దు. ఆయన వేదిక మీద ఉంటే ఆయన నాటకంలోని లోపం గురించి పరిశోధక విద్యార్థి నోరు విప్పడు. విప్పినా కార్యదర్శి మైకు లాక్కుంటాడు. ఆయనకు ఏటా ఒక రోజు కేటాయించి ప్రశ్నలన్నీ ముందుగా రాసిచ్చి, జవాబులు రికార్డు చేయండి. సమితికి ఆయన చేయగల పెద్ద ఉపకారం అదే. పత్రికలో వచ్చే వ్యాసాలను అచ్చుకు ముందు ఆయనకు చూపబోమని నియమావళిలోనే ఉంటే తర్వాత మొహమాటం ఉండదు.

బురుజుకింద (కర్నూలు)

స్క్రిప్టుల గురించి చెప్తాను. సమితి అసలు పని అదే.

పరిషత్ నాటికకు ఒకే పాఠం ఉండదన్నా. రచయిత రాసిన ప్రతి ఒకటి. దర్శకుడు పోటీ నిబంధనల్లోని సమయానికి కుదించిన ప్రదర్శన ప్రతి ఇంకొకటి. రేడియోకు ఇస్తే రంగసూచనలు మాటల్లోకి మారిన ప్రతి మరొకటి. సీమ యాసలో రాసిన వాటికి ఇంకో చిక్కుంది. వేరే ప్రాంతపు నాటక సమాజం ఆడితే 'వస్తాండాడు' కాస్తా 'వస్తున్నాడు' అవుతుంది. కొన్నేళ్లకు పుస్తకం వేసేటప్పుడు దొరికిన జిరాక్సు అదే అయితే అదే అచ్చవుతుంది, యాస పోయిందని పాఠకుడికి తెలియనే తెలియదు. కాబట్టి 'మంచి ప్రతి' దొరికింది కదా అని మిగతావి వదిలేయొద్దు. దొరికిన ప్రతి ఒక్కటీ విడిగా నమోదు చేయండి: నాటకం పేరు, ఎవరి దగ్గర దొరికింది, చేతిరాతా డీటీపీయా జిరాక్సా, పేజీలెన్ని, మధ్యలో లేనివి ఏవి, ఎవరి కొట్టివేతలు ఏ సిరాలో ఉన్నాయి. నటుడు తన పాత్ర వరకే రాసుకున్న నోట్‌బుక్కు కూడా పనికొస్తుంది. మూలంలో లేని మాట వేదిక మీద ఎప్పుడు చేరిందో చాలాసార్లు అదే పట్టిస్తుంది.

స్కాన్ చేతిరాతకు 400 డీపీఐ (అంగుళానికి చుక్కలు), డీటీపీకి 300. రంగుల్లోనే తీయండి, నలుపు తెలుపులో తీస్తే ఎర్రసిరా దిద్దుబాట్లు అసలు వాక్యంలో కలిసిపోతాయి. మూలం నాణ్యత తగ్గని టిఫ్ ఫైలుగా, చదువుకోవడానికి పీడీఎఫ్‌గా. మూడు నకళ్లు ఉండాలి, అందులో ఒకటి వేరే ఊళ్లో. జిరాక్సు కాగితాలను మామూలు ప్లాస్టిక్ కవర్లలో పెట్టొద్దు. మన ఎండలకు అక్షరాల పొడి కవరుకు అంటుకుని కాగితం మీద నుంచి లేచొస్తుంది. పిన్నులు తీసేసి కాగితపు ఫైళ్లలో పెట్టండి.

పాత డీటీపీ ఫైళ్లు పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో, యూనికోడ్ కాని అను ఫాంట్లలో ఉంటాయి. యూనికోడ్‌లోకి మార్చితే ఒత్తులు, వట్రుసుడులు చెడుతుంటాయి. మార్చిన ప్రతిని పాత ముద్రితంతో ఇద్దరు కూర్చుని, ఒకరు చదువుతుంటే ఒకరు చూసుకుంటూ సరిచేయాలి. యాస రాతను 'తప్పు' అనుకుని దిద్దేవాళ్లకు ఈ పని అప్పగించకండి.

ప్రదర్శనల పట్టిక కూడా ఇప్పుడే మొదలుపెట్టండి, నటులు బతికుండగానే. తేదీ, ఊరు, ఏ పరిషత్తు, సమాజం, దర్శకుడు, నటీనటులు, ఏ ప్రతి ఆడారు, ఆధారం ఏమిటి. ఆధారం గడి ఖాళీగా ఉంచకూడదు. కరపత్రం ఉంటే ఆ రోజు ఆడాలనుకున్నారని తెలుస్తుందే తప్ప ఆడినట్టు కాదు. సమాజాలు రాకపోవడం, వరస మారడం మామూలే. ప్రశంసాపత్రం మీది తేదీ తరచూ బహుమతి ప్రదానం నాటిది, ప్రదర్శన అంతకు రెండు మూడు రోజుల ముందు జరిగి ఉంటుంది. పత్రిక కటింగుకైతే వెనకాల పెన్సిల్‌తో తేదీ, ఎడిషన్ రాసిపెట్టండి.

పెన్నాతీరం

చాలా ఉపయోగం సార్. వార్షిక సభలో ఒక నాటిక ఆడించి యూట్యూబ్‌లో పెడదామనుకుంటున్నాం. ఆయన రాసిన ఉత్తరాలు కూడా కొన్ని నటుల దగ్గర ఉన్నాయి, పత్రికలో వేయొచ్చా?

దేవునికడప

1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఔత్సాహిక సంఘం డబ్బు తీసుకోకుండా ప్రేక్షకులకు నాటకం ఆడితే ఉల్లంఘన కాదు. టికెట్టు పెట్టినా, విరాళం ఇస్తేనే పాసు అన్నా ఆ మినహాయింపు పోతుంది. యూట్యూబ్‌లో పెట్టడం ప్రదర్శన కిందికి రాదు, దానికి వేరే అనుమతి కావాలి, నటుల దగ్గర కూడా. ఉత్తరం కాగితం అందుకున్నవారిది, అందులోని రాత మీద హక్కు రాసినవారిది. అందుకని అచ్చుకు రచయిత అనుమతి తప్పనిసరి.

అనుమతిపత్రంలో ఏ రచన, ఏ రూపంలో, ఎన్నేళ్లు, ఎక్కడ అన్నవి రాయించుకోండి. హక్కులు బదిలీ చేస్తూ కాలం రాయకపోతే చట్టం అయిదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకుగా లెక్కిస్తుంది. అంతకన్నా ముందు, ఏ నాటకం హక్కులైనా ఏ ప్రచురణకర్తకో ఎప్పుడో రాసిచ్చేశారేమో ఆయన్నే అడిగి పాత ఒప్పందాలు చూడండి. ఆయన తదనంతరం అరవై ఏళ్లు ఆ హక్కులు ఉంటాయి. రేపు వారసుల్లో ఒక్కరు కాదన్నా పని నిలిచిపోతుంది.

బురుజుకింద

పత్రిక తేవచ్చు, మొదటి రెండేళ్లు వద్దు. ఆ లోపు నాటకాల జాబితా, ప్రదర్శనల పట్టిక ఒక చిన్న పుస్తకంగా వేయండి, అందరూ ఉదహరించేది అదే. పత్రికల గుర్తింపు సంఖ్య ఐఎస్ఎస్ఎన్‌ను ఢిల్లీలోని జాతీయ కేంద్రం ఉచితంగానే ఇస్తుంది. పత్రిక పేరు మారిస్తే మళ్లీ తీసుకోవాలి, ఆన్‌లైన్ ప్రతికి వేరే సంఖ్య. పరిశోధన పత్రికలను గుర్తించే యూజీసీ కేర్ జాబితాను 2025లోనే ఆపేశారు కాబట్టి దానికోసం పరుగెత్తొద్దు. వ్యాసానికి ఇద్దరు సమీక్షకులు ఉండాలి, ఒకరైనా సమితి బయటివారు. వ్యాసకర్తల దగ్గర డబ్బు తీసుకోవద్దు. పుస్తకం అచ్చయ్యాక ముప్ఫై రోజుల్లో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి ఒక ప్రతి పంపడం చట్టం. కడప సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రానికి కూడా ఒకటి ఇవ్వండి, సీమలో పరిశోధకులు ముందు వెతికేది అక్కడే.