మొదటి డెస్క్‌టాప్‌కి ఏ ప్రాసెసర్? కొంచెం చెప్పండి

అందరికీ నమస్తే. పీజీ చదవడానికి ఇక్కడికొచ్చి నెల దాటింది. వెంట తెచ్చుకున్న లాప్‌టాప్‌లో యాప్‌లు రాసే ఆండ్రాయిడ్ స్టూడియో తెరిస్తే, ఎమ్యులేటర్ (తెర మీదే నడిచే ఉత్తుత్తి ఫోన్) లేచేలోపు స్నానం చేసి రావచ్చు. అందుకే డెస్క్‌టాప్ అసెంబుల్ చేసుకుందామని. ఒక సీనియర్ ఇంటెల్ ఐ7కి తక్కువ కొనొద్దంటాడు, ఇంకొకరు ఐ5 చాలంటారు, రూమ్మేట్ ఏఎమ్‌డీ వాళ్ల రైజెన్ తప్ప వేరే పేరు ఎత్తనివ్వడు. గ్రాఫిక్స్ కార్డు ఇప్పుడే కొనలేను. కోడింగ్, చదువు, సెలవుల్లో కాస్త గేమ్స్. అంతే నా పని.

—

తమ్ముడూ, ముందు ఐ5నా ఐ7నా అన్న పంచాయితీ పక్కన పెట్టు. అది ఏ తరానిదో చూడకుండా ఐ7 అన్న మాటకి విలువ లేదు. 2017లో వచ్చిన ఐ7-7700లో ఉన్నవి నాలుగు కోర్లు, అంటే ప్రాసెసర్‌లో విడివిడిగా పనిచేసే భాగాలు. 2022లో వచ్చిన ఐ5-12400లో ఆరు, పైగా ఒక్కో కోరూ దానికంటే చురుకు. ఆ పాత ఐ7 విండోస్ 11 సపోర్ట్ జాబితాలో కూడా లేదు. "ఐ7 సిస్టమ్, చవగ్గా ఇస్తాం" అని ఎవరైనా పాతది అంటగట్టబోతే వెనకున్న నంబరు అడుగు. 12400 అంటే 12వ తరం, 7700 అంటే 7వ తరం. చివర అక్షరం ఉంటే దాన్ని ఇంకా జాగ్రత్తగా చూడు.

ఆ అక్షరం దగ్గరే నేను దెబ్బతిన్నాను. కాస్త తక్కువకి వస్తోంది కదా అని 'ఎఫ్' ఉన్నది కొన్నాను. రాత్రి కూర్చుని అంతా బిగించి స్విచ్ వేస్తే ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర మాత్రం నల్లగా. కేబుల్ మార్చాను, ర్యామ్ మూడుసార్లు తీసి పెట్టాను, పక్కింటివాళ్ల మానిటర్ కూడా అడిగి తెచ్చాను. రెండు గంటలకి అట్టపెట్టె మీద అక్షరం చదివితే అర్థమైంది. ఎఫ్ అంటే లోపల గ్రాఫిక్స్ ఉండదు, విడిగా కార్డు లేనిదే బొమ్మ రాదు. నీకు కార్డు లేదు కాబట్టి ఎఫ్ జోలికి పోకు. 'కే' అంటే ఓవర్‌క్లాక్ చేసుకునేవాళ్లది, అంటే మామూలు కంటే ఎక్కువ వేగంతో నడుపుకునేవాళ్లది. దాని పెట్టెలో కూలర్ కూడా రాదు, నీకెందుకు ఆ తలనొప్పి.

—

అన్నయ్య చెప్పింది నిజమే. నేను సాకెట్ గురించి, అంటే మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు గురించి చెప్తాను. ఇంటెల్ 12, 13, 14 తరాలు ఎల్‌జీఏ1700 అనే సాకెట్ ఉన్న బోర్డు మీద కూర్చుంటాయి. ఆ తర్వాత డెస్క్‌టాప్‌కి వచ్చిన కోర్ అల్ట్రా 200 సిరీస్‌కి వేరే సాకెట్, అంటే వేరే బోర్డు. ఏఎమ్‌డీ ఏఎమ్5 సాకెట్ 2022లో వచ్చింది, 2027 దాటేదాకా కొనసాగిస్తామని కంపెనీయే చెప్పింది. రెండేళ్లయ్యాక ఒక్క ప్రాసెసర్ మార్చుకుంటే సరిపోవాలి అనుకుంటే నా ఓటు దానికే. కాకపోతే డీడీఆర్5 ర్యామే పడుతుంది, పాత డీడీఆర్4 పనికిరాదు.

అందులో నీకు రెండు దారులు. రైజెన్ 5 7600లో గ్రాఫిక్స్ ఉంది కానీ తెర మీద బొమ్మ కనబడటానికే, గేమ్స్‌కి కాదు. రైజెన్ 5 8600జీలో ఉన్నది పెద్దది, తేలికపాటి గేమ్స్ ఆడుకోవచ్చు. అది పూర్తిగా ర్యామ్ మీదే ఆధారపడుతుంది, అందుకని ఒకే పెద్ద స్టిక్ బదులు రెండు పెట్టు. అయితే 7600లో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన చిన్న మెమరీ) 32 ఎంబీ, 8600జీలో సగమే. వచ్చే ఏడాది ఎలాగూ కార్డు కొంటావంటే 7600 తీసుకుని కొన్నాళ్లు గేమ్స్ మానేయ్.

ఇంకోటి, ఏఎమ్5 మొదటిసారి ఆన్ చేసినప్పుడు కొన్ని నిమిషాల పాటు తెర నల్లగానే ఉండొచ్చు. అప్పుడు ర్యామ్‌ని పరీక్షించుకుంటూ ఉంటుంది. టెన్షన్ పడి మధ్యలో పవర్ తీసేయకు.

—

సెకండ్ హ్యాండ్‌లో 13, 14 తరాల పెద్ద ప్రాసెసర్లు చూసేవాళ్లకి ఒక మాట. వాటిలో వోల్టేజ్ వల్ల స్థిరత్వం పోయే సమస్య బయటపడి, 2024 ఆగస్టులో ఇంటెల్ సవరణ విడుదల చేసింది, వారంటీ కూడా రెండేళ్లు పొడిగించింది. ఆ సవరణ బయోస్ (మదర్‌బోర్డులో ఉండే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్‌తో వస్తుంది. అప్పటికే దెబ్బతిన్న చిప్‌ని మాత్రం అది బాగుచేయదు.

ఇక తమ్ముడికి నా ప్రశ్న వేరు. నీ లాప్‌టాప్‌లో నెమ్మది ప్రాసెసర్ వల్లే అని ఎలా తేల్చావు? ఎమ్యులేటర్ స్టార్ట్ చేసి, టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్ తెరిచి రెండు నిమిషాలు చూడు. సీపీయూ వందకి అంటుకుని ఉంటే ప్రాసెసర్ సంగతి మాట్లాడుకుందాం. మెమరీ నిండిపోయి సీపీయూ ఖాళీగా ఉంటే నీ రోగం వేరు.

—

అన్నా, ఇప్పుడే చూశాను. మెమరీ 96 శాతం, డిస్క్ వంద దగ్గర కొట్టుకుంటోంది. సీపీయూ మాత్రం నలభై దాటితే ఒట్టు! ఉన్నది 8 జీబీ ర్యామ్. మోడల్ నంబరుతో వెతికితే రెండో స్లాట్ ఖాళీగా ఉంటుందని తెలిసింది.

—

అదీ సంగతి. ఉన్నది డీడీఆర్4నో డీడీఆర్5నో చూసుకుని, ఖాళీ స్లాట్‌లో ఇంకో 16 పెట్టు. డెస్క్‌టాప్ ఎక్కడికీ పోదు.

—

అలాగే అన్నా. డెస్క్‌టాప్ సెలవుల దాకా ఆగుతుంది. అప్పుడు అక్క చెప్పిన 7600 చూస్తాను. చివర అక్షరం చదివాకే డబ్బు కడతాను.

—

లాప్‌టాప్ వెనక మూత తీసేటప్పుడు ఏ స్క్రూ ఎక్కడిదో కాగితం మీద గీసుకో తమ్ముడూ, అన్నీ ఒకే పొడవు ఉండవు. నా పాతదానికి పొడుగు స్క్రూ పొట్టిదాని చోట బిగించి కీబోర్డు దగ్గర బొడిపె తేల్చాను.