బాపుకు మాట పోయింది. ఆయనకేం కావాలో ఎట్లా తెలుసుకోవాలి?

కొత్తవాడ అబ్బాయి:
అందరికీ నమస్తే. మాది వరంగల్ కొత్తవాడ. బాపు జంపఖానాలు నేస్తాడు. ఎండాకాలంలో పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట కూడా పోయింది. మనం చెప్పేది చాలావరకు అర్థమవుతుంది కానీ, ఆయన నోట "అదే, అదే" తప్ప ఇంకో మాట రాదు. ఇంటికొచ్చే ఫిజియో చీటీ మీద లక్ష్యాలు రాసిచ్చాడు: పది మీటర్లు నడవాలి, కుడి చేతి పట్టు పెరగాలి. దానికింద నేను "మళ్లీ మగ్గం ఎక్కాలి" అని చేర్చాను. బాపేమో ఎక్సర్‌సైజ్ అనగానే గోడవైపు తిరుగుతాడు. మొన్న ఫిజియో చేతిని విదిలించి కొట్టాడు. బద్ధకం అంటాడు మా చిన్నాయన. జ్వరమొచ్చినా మగ్గం దిగని మనిషికి బద్ధకమేంది? మాట రాని మనిషిని "నీకేం కావాలి" అని ఎట్లా అడగాలి?

పరకాల అక్క:
తమ్ముడూ, ముందు డాక్టరుకు చూపించి మనసు సంగతి అడుగు. మా అత్తమ్మ కూడా ఇట్లనే గోడకు తిరిగి పండుకునేది. మందు మొదలైనంక అన్నం అడిగి తిన్నది.

హన్మకొండ ఓటీ:
అక్క చెప్పింది ముందు చేయండి. పక్షవాతం వచ్చినవాళ్లలో దాదాపు ముగ్గురిలో ఒకరికి డిప్రెషన్ వస్తుంది. మాట కూడా పోతే ఇంట్లోవాళ్లు దాన్ని మొండితనం అనుకుంటారు.

నేను ఆక్యుపేషనల్ థెరపిస్టును (ఓటీ), అంటే రోజువారీ పనులు మళ్లీ సొంతంగా చేసుకునేలా సాయం చేస్తాను. మీ చీటీలో మూడు లక్ష్యాలున్నాయి: రెండు ఫిజియోవి, ఒకటి మీది. బాపుది ఒక్కటీ లేదు.

ఫోన్‌తో ఫొటోలు తీయండి. మీ బాత్రూం, మగ్గం, కండెలు చుట్టే రాట్నం, ఆయన చాయ్ తాగే హోటల్, గడ్డం గీసుకునే అద్దం, వెళ్లే గుడి. గూగుల్ బొమ్మలు వద్దు, ఆయన రోజూ చూసిన చోట్లే కావాలి. ప్రింట్ తీయించి ఒక్కొక్కటీ ఎడమ చేతికివ్వండి. మంచం మీద మూడు చోట్లు పెట్టండి: ముందు కావాలి, తర్వాత చూద్దాం, వద్దు. టీవీ బంద్ చేయండి. చిన్నాయన ఆ గదిలో లేకుంటే ఇంకా మంచిది.

ఒక జాగ్రత్త. మాట దెబ్బతిన్నవాళ్లు కాదనబోయి అవునంటారు, అవుననబోయి కాదంటారు. కాబట్టి తిప్పి అడగండి: "అయితే ఇది వద్దన్నట్టేనా?" రెండు మూడు రోజులాగి ఫొటోలు మళ్లీ ఇవ్వండి, అదే జవాబు వస్తే నమ్మండి.

ఆయన పైన పెట్టినదాన్ని మెట్లుగా రాసుకోండి. 1968లో అమెరికాలో కిరెసుక్, షెర్మన్ అనే ఇద్దరు మానసిక వైద్యం కోసం తయారుచేసిన పద్ధతి ఇది, ఇప్పుడు రీహాబ్‌లో, అంటే జబ్బు తర్వాత కోలుకునే చికిత్సలో, బాగా వాడతాం. మైనస్ 2 నుంచి ప్లస్ 2 దాకా అయిదు మెట్లు. బాత్రూం అనుకుందాం: ఇద్దరు పట్టుకుంటే పోవడం మైనస్ 2, ఒకరు పట్టుకుంటే మైనస్ 1, ఎవరైనా పక్కన నిలబడితే చాలు అన్నది సున్నా. అనుకున్న గడువుకు అందుకోవాలని మనం పెట్టుకునేది ఆ సున్నానే. పగలు ఒక్కడే పోతే ప్లస్ 1, రాత్రి కూడా పోతే ప్లస్ 2. అప్పుడు ఫిజియో రాసిన పది మీటర్లకూ అర్థముంటుంది. మంచం నుంచి బాత్రూంకు ఎంత దూరం, మధ్యలో గడప ఎంత ఎత్తు, అది కొలవండి.

కాజీపేట ఫిజియో:
మేడమ్ చెప్పింది బాగుంది, కానీ అన్నీ పేషెంటు ఇష్టానికి వదిలేయలేం. భుజాన్ని కాపాడమని ఏ పేషెంటూ అడగడు. పడిపోయిన చేతిని పట్టి లేపితే, చంకలో చెయ్యేసి గుంజితే భుజం కీలు జారి నొప్పి పట్టుకుంటుంది. ఫొటో పెట్టినా పెట్టకున్నా ఆ చేతికి కింద దిండు ఉండాల్సిందే.

హన్మకొండ ఓటీ:
దిండు విషయంలో వాదన లేదు. ఎందుకు పెడుతున్నామో ఆయనకు చెప్పి పెట్టండి, అంతే. నాకైతే ఆ విదిలింపు కూడా నొప్పి వల్లేమోనని అనుమానం. అదొకసారి చూడమని మీ ఫిజియోను అడగండి.

కొత్తవాడ అబ్బాయి:
రెండుసార్లు చేశాం, జవాబు మారలేదు. బాత్రూం అన్నిటికంటే పైన పెట్టాడు. ఇన్ని రోజులు మా ఇంటామె పట్టుకొని తీసుకపోతుంది, ఆయనకు కోడలు ముందు ఎంత ఇబ్బందో మాకు తట్టలేదు. దానికింద చాయ్ హోటల్. రాట్నం "తర్వాత". మగ్గం ఫొటో "వద్దు"లో పడేసి, నా మొఖం చూసి నవ్విండు. మళ్లీ అడిగితే ఇంకా గట్టిగా పక్కకు నూకిండు. నాకే మింగుడుపడట్లేదు, సరే. మేడమ్, మాది కింద కూర్చునే దొడ్డి, పెరట్లో ఉంటది. పట్టుకునే రాడ్ ఏ పక్క పెట్టాలి? లుంగీ సంగతేంది?

హన్మకొండ ఓటీ:
ఇప్పుడు కింద కూర్చోవద్దు, పడతారు. దాని మీద పెట్టే కమోడ్ కుర్చీ దొరుకుతుంది, కుర్చీ కాళ్లు కదలకుండా చూసుకోండి. రాడ్ ఎడమ పక్క, గోడలోకి బోల్టులతో. అతికించే రకం వద్దు. లుంగీ ఒంటి చేత్తో ముడి పడదు, కొన్నాళ్లు ఎలాస్టిక్ నిక్కర్లు వేయండి. లుంగీయే కావాలంటే దర్జీతో నడుము దగ్గర వెల్క్రో కుట్టించండి. పెరట్లోకి దిగే మెట్టు ఫొటో ఒకటి ఇక్కడ పెట్టండి, ఎత్తు చూసి చెప్తాను.