జర్మన్ పుస్తకాల్లో పుట సంఖ్య పక్కన ‘ఎఫ్.’, ‘ఎఫ్ఎఫ్.’

ప్రశ్న: జర్మన్ వ్యాసాల పాదసూచికల్లో ఒకచోట ‘ఎస్. 45 ఎఫ్.’ అనీ, మరోచోట ‘ఎస్. 45 ఎఫ్ఎఫ్.’ అనీ ఉంటోంది. రెండూ ఒకటేనా? ఎఫ్ఎఫ్ అంటే ఫోలియోలేనా (రాతప్రతి ఆకులేనా)?

జవాబు: ఒకటి కాదండీ. ఎస్. అంటే ‘జైటె’, పుట. ఎఫ్. అంటే ‘ఫోల్గెండె’, తరువాతది. కాబట్టి ‘45 ఎఫ్.’ అంటే 45, 46 పుటలు, అంతే. ఎఫ్ఎఫ్. ఉంటే 45తో మొదలై ఇంకొన్ని పుటలు. ఎక్కడిదాకా అన్నది అందులో ఉండదు. తెలుగు చేసేటప్పుడు మొదటిదాన్ని 45-46 అని నిస్సంకోచంగా వేయొచ్చు. రెండోదాన్ని 45-47 అని ఊహించి వేస్తే తప్పు. మూలం తెరిచి ఆ చర్చ ఎక్కడ ముగిసిందో చూడాలి, దొరక్కపోతే ‘45వ పుట నుంచి’ అని వదిలేయాలి.

అక్షరాన్ని రెండుసార్లు రాసి బహువచనం చేయడం లాటిన్ అలవాటు. జర్మన్‌లో రాతప్రతి ‘హెచ్ఎస్.’ అయితే, రాతప్రతులు ‘హెచ్ఎస్ఎస్.’. పాత గ్రంథాల్లో ఇదే పనికి లాటిన్ ‘ఎస్‌క్యూ.’, ‘ఎస్‌క్యూక్యూ.’ వాడేవారు. మన కోర్టు తీర్పుల్లోని ‘ఎట్ సెక్.’ ఆ కుటుంబానిదే. జర్మన్ న్యాయశాస్త్రంలో ఎఫ్ఎఫ్. వాడుక మరీ ఎక్కువ: జర్మన్ సివిల్ కోడ్ ‘433 ఎఫ్ఎఫ్.’ అంటే అమ్మకపు ఒప్పందాల సెక్షన్లు.

మరో జవాబు: ఫోలియో సంగతి తేల్చాలంటే స్థానం చూడండి. జర్మన్ ఎఫ్ఎఫ్. అంకె తరువాత వస్తుంది. రాతప్రతుల ఇంగ్లీషు కేటలాగుల్లో అంకెకు ముందు వస్తుంది, ‘ఎఫ్ఎఫ్. 1-24’ అంటే 24 ఆకులు, అంటే 48 పక్కలు. తాళపత్రాల మీద పనిచేసేవారు ఇక్కడే లెక్క తప్పుతారు. జర్మన్లు ఆకుకు ‘బ్లాట్’ అనే మాటను కుదించి ‘బిఎల్.’ అని రాస్తారు.

ఫ్రాక్టూర్ అనే పాత జర్మన్ అచ్చు లిపిలో వచ్చిన పుస్తకాలతో ఇంకో చిక్కుంది. అందులో పొడవు ఎస్ (చిన్న ఎస్‌కు పాత రూపం, ‘ſ’), ఎఫ్ కవలల్లా ఉంటాయి. అడ్డగీత నిలువుగీతను దాటి కుడివైపుకు కూడా వస్తే ఎఫ్. మాటకు ముందు ఒంటరిగా కనబడేది చాలావరకు పొడవు ఎస్. అది ‘జీహె’, మన నిఘంటువుల్లోని ‘చూ.’ లాంటిది.

టైపు చేసేవారికి: అంకెకూ ఎఫ్‌కూ నడుమ ఖాళీ తప్పనిసరి, రెండు ఎఫ్‌ల మధ్య ఉండకూడదు. ఆ ఖాళీని విడిపోని స్పేస్‌గా పెట్టండి, లేకపోతే ఎఫ్ ఒక్కటే కింది పంక్తికి జారుతుంది. వాక్యం చివర వస్తే చుక్క ఒకటే.