‘ఇఫ్ ఐ వుడ్ హావ్ నోన్’ తప్పా? అమెరికావాళ్లే అంటున్నారు కదా (చర్చ)

డాలస్_లేట్_షిఫ్ట్
ఇక్కడికొచ్చి నాలుగేళ్లయింది. మొన్న క్లయింట్ కాల్ టైం మారిన సంగతి ఎవరూ చెప్పక లేటుగా చేరాను. తర్వాత మెయిల్‌లో ‘ఇఫ్ ఐ వుడ్ హావ్ నోన్, ఐ వుడ్ హావ్ జాయిన్డ్ ఎర్లియర్’ అని రాశాను. మా లీడ్ మన తెలుగాయనే. అందరి ముందూ ‘ఇఫ్ పక్కన వుడ్ ఏంటి, హైస్కూల్లో చెప్పలేదా?’ అన్నాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నా పక్క సీటు అమెరికన్ రోజూ అలాగే అంటాడు, నేను నేర్చుకున్నది ఆయన దగ్గరే.
మూడు విషయాలు చెప్పండి. ఇది తప్పా, ఒప్పా? ఇఫ్ తీసేసి ‘హాడ్ ఐ నోన్’ అంటే మెయిల్‌లో బాగుంటుందా? ఫోన్‌లో వాళ్లు ఇదంతా గబగబా మింగేస్తారు, చెవికి ఎలా పట్టించాలి?

రిటైర్డ్_ఇంగ్లిష్_మాస్టారు
తప్పే. ముప్పై నాలుగేళ్లు ఇదే పాఠం చెప్పాను. ఇఫ్ ఉన్న భాగంలో ‘హాడ్ నోన్’, రెండో భాగంలో ‘వుడ్ హావ్ జాయిన్డ్’. వుడ్ అనేది ఫలితానికి, షరతుకు కాదు. పక్క సీటువాడు అన్నాడని తప్పు ఒప్పయిపోదు బాబూ. మీ లీడ్ అందరి ముందు అనడం మాత్రం పద్ధతి కాదు.

ఎడిసన్_పాతకాపు
మాస్టారూ, ఇరవై రెండేళ్లుగా ఇక్కడ ఉన్నాను. డాక్టర్లు, లాయర్లు, మా పిల్లల టీచర్లు అందరి నోటా ‘ఇఫ్ ఐ వుడ్ హావ్’ విన్నాను. ‘ఐ విష్ ఐ వుడ్ హావ్’ అయితే ఇంకా ఎక్కువ. మాటల్లో దాన్ని ఎవరూ పట్టించుకోరు. అదే రాతలోకి వస్తే ఎడిటర్ కొట్టేసి ‘హాడ్’ పెడతాడు. తమ్ముడూ, నోటితో ఏదన్నా ఫరవాలేదు. మెయిల్‌లో మాత్రం మాస్టారు చెప్పిందే రాయి.

బర్మింగ్‌హామ్_సిస్టర్
గ్రామర్ సరే, నాకు దెబ్బ తగిలింది ‘మైట్ హావ్’ దగ్గర. ఇక్కడ చేరిన కొత్తలో వార్డులో ఒక పెద్దాయన బాత్రూమ్ దగ్గర జారిపడ్డాడు. తల తగిలిందో లేదో నేను చూడలేదు. నోట్స్‌లో ‘హీ మైట్ హావ్ హిట్ హిజ్ హెడ్’ అని రాశాను. తగిలి ఉండవచ్చు, చూడండి అని నా ఉద్దేశం. డ్యూటీ మారాక వచ్చినామె దాన్ని ‘తగలాల్సింది, తృటిలో తప్పింది’ అని చదువుకుంది. ‘మైట్ హావ్’కి ఆ రెండు అర్థాలూ ఉన్నాయి. అదృష్టం కొద్దీ ఆయనకేమీ కాలేదు. అప్పటి నుంచి తెలియని సంగతికి ‘మే హావ్’ రాస్తాను, పక్కనే ‘నేను చూడలేదు’ అని ఇంకో వాక్యం కూడా రాస్తాను.

ఐఈఎల్‌టీఎస్_మూడోసారి
అక్కా, పరీక్షలో ‘హాడ్ ఐ నోన్’ వాడితే మార్కులు పెరుగుతాయని మా కోచింగ్‌లో చెప్పారు, నిజమేనా? రైటింగ్‌లో గ్రామర్‌కి 25 శాతం కదా.

రిటైర్డ్_ఇంగ్లిష్_మాస్టారు
అలంకారానికి వాడొద్దు, అవసరమైతే వాడమ్మా. ఒక జాగ్రత్త: లేదనడానికి ‘హాడ్ ఐ నాట్ నోన్’ అనాలి. ‘హాడెంట్ ఐ నోన్’ అని మొదలుపెడితే అది ప్రశ్న అయిపోతుంది. అసలు మన పిల్లలకు తెలుగులోనే ఇది సరిగ్గా రావడం లేదు. ‘తెలిస్తే వచ్చేవాణ్ణి’ అంటున్నారు. ‘తెలిసి ఉంటే వచ్చి ఉండేవాణ్ణి’ అన్నదే సరైన రూపం.

వరంగల్_పిల్ల
సరైన రూపం అని ఎవరు తేల్చారు సార్? మా అమ్మమ్మ ‘చెప్తే వస్తుంటి గదనే’ అంటుంది. రెండు ముక్కల్లో మొత్తం అయిపోయింది: నువ్వు చెప్పలేదు, నేను రాలేదు, ఆ బాధ నాకుంది. మీ ‘వచ్చి ఉండేవాణ్ణి’లో ఆ బాధ ఎక్కడుంది? బళ్లో మా మాటలకు ఎర్ర సిరా పెట్టి పెట్టి మమ్మల్ని నోరు విప్పకుండా చేసింది మీలాంటి మాస్టార్లే.

కాకినాడ_కాజా
మా తాతగారు ‘ముందే తెలిస్తే నేనే వద్దును కదరా’ అనేవారు. ఆ ‘వద్దును’ ఇప్పుడు వినబడటం లేదు. నాకైతే అన్నిటికన్నా అదే అందం.

రిటైర్డ్_ఇంగ్లిష్_మాస్టారు
అమ్మా, నేను ఎవరి యాసనూ కించపరచలేదు. రాత భాష గురించి అన్నాను.

వరంగల్_పిల్ల
మీరు ‘రాత భాష’ అనలేదు, ‘సరైన రూపం’ అన్నారు. పైకి వెళ్లి చదువుకోండి.

భాషాశాస్త్రం_పీహెచ్‌డీ
నేను పని చేసేదే దీని మీద, కాబట్టి చెప్తాను. ఇద్దరూ ఒక విషయం గమనించలేదు. ‘వచ్చేవాణ్ణి’ అంటే ‘రోజూ వచ్చేవాణ్ణి’ కూడా, ‘తెలిస్తే వచ్చేవాణ్ణి’ కూడా. పాత అలవాటుకీ, జరగని సంగతికీ ఒకే రూపం. ఇంగ్లిష్ ‘వుడ్’ కూడా అంతే, రెండు పనులూ చేస్తుంది. బంధుత్వం లేని రెండు భాషలు ఒకే దారి పట్టాయి. ఇంగ్లిష్‌లో ‘ఇఫ్ ఐ న్యూ’ అంటే నిన్నటి మాట కాదు, ఇప్పుడు తెలియదని అర్థం. భూతకాలాన్ని దూరం చూపడానికి వాడేశారు. అందుకే నిజంగా నిన్నటి సంగతి చెప్పాలంటే ఇంకో అడుగు వెనక్కి వేసి ‘హాడ్ నోన్’ అంటారు.
1981లో ఆల్ఫ్రెడ్ బ్లూమ్ అనే అమెరికన్ పరిశోధకుడు, చైనీస్‌లో దీనికి ప్రత్యేక రూపం లేదు కాబట్టి చైనీయులకు ఇలాంటి ఊహ కష్టమని వాదించాడు. ఆయన పరీక్షకు వాడిన చైనీస్ కథలే సహజంగా లేవని 1983లో టెరీ అవు చూపించింది. రూపం లేకపోతే ఆలోచన లేదనడం పొరపాటు.

క్రికెట్_ప్రాణం
కామెంటేటర్లు చాలాసార్లు హాడ్, వుడ్ రెండూ వాడరు, గమనించారా? క్యాచ్ జారిపోయాక కూడా ‘ఇఫ్ హీ క్యాచెస్ దట్, ఇట్స్ ఓవర్’ అంటారు. అంతా వర్తమానమే. 1999 ప్రపంచ కప్‌లో హెడింగ్లీ మైదానంలో దక్షిణాఫ్రికా ఆటగాడు గిబ్స్, ఆస్ట్రేలియా కెప్టెన్ స్టీవ్ వా క్యాచ్ వదిలేశాడు. అప్పటికి వా 56, చివరికి 120 నాటౌట్. బంతి చేతిలో పడ్డాక పైకి విసిరి సంబరం చేసుకోబోయాడు, అది జారింది. ఆ ఒక్క బంతి పట్టుంటే!

ఎడిసన్_పాతకాపు
పట్టుంటే ఏమయ్యేది? ఆస్ట్రేలియాకు ఇంకా బ్యాటింగ్ ఉంది.

క్రికెట్_ప్రాణం
ఏమయ్యేదా? నాలుగు రోజులకే ఆ రెండు జట్ల సెమీఫైనల్ 213 దగ్గర టై అయింది. సెమీస్‌కి ముందు జరిగిన సూపర్ సిక్స్ దశ పట్టికలో పైన ఉన్నందుకు ఆస్ట్రేలియా ఫైనల్‌కి వెళ్లింది. హెడింగ్లీలో ఓడి ఉంటే ఆ పై స్థానం ఎక్కడిది?

డాలస్_లేట్_షిఫ్ట్
దయచేసి క్రికెట్ వేరే చోట మాట్లాడుకోండి. నాకు ఇంకో అవమానం గుర్తొచ్చింది. మా మేనేజర్ ఒకసారి ‘యూ కుడ్ హావ్ టోల్డ్ మీ’ అంది. ‘నువ్వు చెప్పి ఉండవచ్చు, నాకు గుర్తులేదు’ అంటోందనుకుని ‘యెస్, యెస్’ అని నవ్వాను. ఆమె ముఖం మాడిపోయింది.

వరంగల్_పిల్ల
అయ్యో అన్నా! అది ‘నాకు చెప్పొచ్చు కదా’ అని నిలదీయడం. ‘కుడ్’ మీద ఒత్తి పలికి ఉంటుంది. ‘చెప్పుండొచ్చు’కీ ‘చెప్పొచ్చు కదా’కీ ఉన్న తేడాను మనం ‘కదా’తో చూపిస్తాం, వాళ్లు గొంతుతో చూపిస్తారు.

బర్మింగ్‌హామ్_సిస్టర్
ఇంగ్లాండులో ఇంకోటి. ‘ఐ వుడ్ హావ్ థాట్ ఇట్ వాజ్ టూ లేట్’ అంటే పాత సంగతి కాదు. ‘ఇప్పటికే ఆలస్యమైందని నా అభిప్రాయం’ అని మెత్తగా చెప్పడం. మొదటి ఏడాది ‘మరి ఇప్పుడేమనుకుంటున్నారు?’ అని అడిగేదాన్ని.
డాలస్ తమ్ముడూ, నీ మూడో ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు. గబగబా మాట్లాడితే హాడ్, వుడ్ రెండూ ఒట్టి ‘డ్’ అయిపోతాయి: ‘ఇఫ్ ఐడ్ నోన్, ఐడావ్ కమ్’. ‘డ్’ వెనక నేరుగా ‘నోన్’ వస్తే హాడ్. ‘ఆవ్’ వస్తే వుడ్. ఆ ‘ఆవ్’ చెవికి ‘ఆఫ్’లా వినబడుతుంది కాబట్టే ఇక్కడివాళ్లు ‘వుడ్ ఆఫ్’ అని రాసేస్తారు. ఆ తప్పు పుట్టింది చెవిలోనే.

రిటైర్డ్_ఇంగ్లిష్_మాస్టారు
ఈ ‘డ్’ సంగతి బాగా చెప్పావు తల్లీ. వరంగల్ అమ్మాయీ, పైకి వెళ్లి చదివాను. ‘సరైన రూపం’ అన్నది నేనే, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మీ అమ్మమ్మగారి ‘వస్తుంటి’ ఆడవాళ్లూ మగవాళ్లూ కూడా అంటారా?

వరంగల్_పిల్ల
ఇద్దరూ అంటారు సార్. మా మామయ్య కూడా ‘వస్తుంటి’ అనే అంటాడు. ‘వాణ్ణి, దాన్ని’ అని విడదీసే పనే లేదు.

ఐఈఎల్‌టీఎస్_మూడోసారి
మాస్టారూ, శనివారం పరీక్ష. ‘ఇఫ్ ఐ హాడ్ స్టడీడ్ నర్సింగ్, ఐ వుడ్ బీ ఇన్ లండన్ నౌ’ అని ముందు భాగం అప్పటిది, వెనక భాగం ఇప్పటిది కలిపి రాయొచ్చా?

రిటైర్డ్_ఇంగ్లిష్_మాస్టారు
నిక్షేపంగా రాయొచ్చు. అందులో తప్పేమీ లేదు. ఇంకో రెండు వాక్యాలు రాసి ఇక్కడే పెట్టు, రాత్రి భోజనం అయ్యాక చూస్తాను.