14 హెచ్‌పీ పాత బండి ఉంచుకోవాలా, 45 హెచ్‌పీ బండికి మారాలా?

పాతబండి:
నాది 150 సీసీ సింగిల్ (ఒకే సిలిండర్), ఎయిర్ కూల్డ్, కార్బురేటర్ బైక్. 14 హెచ్‌పీ. 92 వేల కిలోమీటర్లు తిరిగింది, ఇంజిన్ ఇంతవరకు విప్పలేదు. నమ్మకం విషయంలో వంక పెట్టడానికి లేదు. 80 దాకా హాయిగా పోతుంది. 90 దాటాక యాక్సిలరేటర్ చివరిదాకా తిప్పినా శబ్దమే తప్ప పికప్ ఉండదు. హైవే వాడకం పెరిగింది. చూపులో ఉన్నది వాడిన 400 సీసీ ట్విన్ (రెండు సిలిండర్లు), 45 హెచ్‌పీ. దీన్ని ఇచ్చేసి అది తీసుకోవచ్చా, లేక దీనికే పని చేయించాలా?

టాపెట్:
ముందు ఒక్క మాట. 92 వేలు తిరిగి, ఒక్కసారి కూడా విప్పని ఇంజిన్ మీద కూర్చుని "ఈ బండికి పవర్ లేదు" అనకండి. దానికి ఉన్న పవర్ ఎంత మిగిలిందో ఎవరికి తెలుసు?

సిలిండర్‌లో పిస్టన్ నొక్కే గాలి ఒత్తిడిని చూపే కంప్రెషన్ గేజ్ పెట్టించండి. ఇంజిన్ వేడిగా ఉండాలి, ప్లగ్ తీసి గేజ్ బిగించాలి, యాక్సిలరేటర్ పూర్తిగా తెరిచి పట్టుకోవాలి. చాలామంది ఈ చివరిది మరిచిపోతారు. థ్రాటిల్ మూసి ఉంటే గాలి లోపలికి పోదు, రీడింగ్ తక్కువ చూపిస్తుంది, బాగున్న ఇంజిన్‌ను కూడా విప్పేస్తారు. ముల్లు ఇక కదలని దాకా కిక్ కొట్టాలి. వచ్చిన అంకెను మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌తోనే పోల్చాలి. కొన్ని ఇంజిన్లలో స్టార్టింగ్ తేలిక కావడానికి కొంత ఒత్తిడి వదిలేసే డీకంప్రెషన్ ఉంటుంది, వాటిలో అంకె మామూలుగానే తక్కువ.

తక్కువ వస్తే ప్లగ్ రంధ్రంలోంచి ఒక చెంచా, అంటే 5 మిల్లీలీటర్ల ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. రీడింగ్ పెరిగితే పిస్టన్ చుట్టూ ఉండే రింగులో, పిస్టన్ కదిలే సిలిండర్ గోడ, అంటే బోరో అరిగినట్టు. పెరగకపోతే వాల్వులు సరిగా కూర్చోవడం లేదు, లేదా హెడ్ గాస్కెట్ లీకు.

కార్బురేటర్‌లో గాలి పీల్పుతో పైకి లేచే వ్యాక్యూమ్ స్లైడ్ ఉంటే దాని రబ్బరు డయాఫ్రమ్‌ను తీసి వెలుతురుకు పట్టి చూడండి. సూదిమొనంత చిల్లు చాలు, స్లైడ్ పూర్తిగా లేవదు. కింది స్పీడులో బండి బంగారంలా ఉంటుంది, పైకి వెళ్లాక మొండికేస్తుంది. మీరు చెప్పిన లక్షణం సరిగ్గా అదే.

ఘనంలెక్క:
టాపెట్ గారు చెప్పిన పరీక్షలు చేయాల్సినవే. కానీ అవి అసలు ప్రశ్నకు జవాబు కావు. ఇంజిన్ కొత్తదానిలా ఉన్నా 14 హెచ్‌పీలో చక్రం దాకా చేరేది 12 చుట్టూ. ఇప్పుడు లెక్క చూడండి.

నిటారుగా కూర్చున్న మనిషితో కలిపి, గాలి లేని రోజున, చదును రోడ్డు మీద అదే వేగంలో కొనసాగడానికే 80లో సుమారు ఆరున్నర హెచ్‌పీ, 90లో 9, 100లో 12, 120లో 20, 140లో 31 కావాలి. గాలిని చీల్చడానికి పట్టే పవర్ వేగం ఘనంతో పెరుగుతుంది, అందుకే ఈ దూకుడు. 90లో ఈ బండి దగ్గర మిగిలేది 3 హెచ్‌పీ. ఎదురుగాలి, చిన్న ఎత్తు, వెనక మనిషి, వీటిలో ఏ ఒక్కటి వచ్చినా ఆ మూడూ గల్లంతు. 45 హెచ్‌పీ బండి చక్రం దగ్గర 40 ఇస్తుంది అనుకున్నా 90లో 31 మిగులు.

దీని అర్థం ఓవర్‌టేక్‌లో తెలుస్తుంది. 80లో పోతున్న లారీని దాటాలి. లారీ పొడవు, ముందూ వెనకా వదలాల్సిన జాగా కలిపి 45 మీటర్లు అనుకోండి. 95లో దాటితే దాదాపు 11 సెకన్లు, 285 మీటర్ల రోడ్డు. ఎదురుగా 80లో ఇంకో వాహనం వస్తుంటే అది ఈలోగా 240 మీటర్లు వచ్చేస్తుంది. అంటే అర కిలోమీటరు పైనే ఖాళీ కనిపించాలి. అదే 110లో దాటితే ఐదున్నర సెకన్లు, రెండూ కలిపి 285 మీటర్లు చాలు. ఎదురు రోడ్డులో గడిపే సమయం సగం. ఇది సరదా కోసం అడిగే స్పీడు కాదు.

టాపెట్:
మీ లెక్కే నాకు పనికొస్తుంది. చక్రం దగ్గర 12లో అరుగుదల 10 శాతం తినేస్తే 1.2 హెచ్‌పీ పోయింది. 90లో ఉన్న మిగులే 3 కాబట్టి అందులో 40 శాతం ఎగిరిపోయింది. 15 శాతం పోతే సగానికి పైగా. అందుకే అరిగిన చిన్న ఇంజిన్ 60లో తేడా చూపించదు, 90లో చచ్చిపోయినట్టు అనిపిస్తుంది. ఆయన ఇప్పుడు పోల్చుతున్నది జబ్బుపడ్డ 150ని ఆరోగ్యంగా ఉన్న 400తో.

నాలుగోగేరు:
ఇంజిన్ విప్పకముందు ఒకటి: 90లో టాప్ గేరులోనే ఉండి తిప్పుతున్నారా? పవర్ దొరికేది పైన ఆర్‌పీఎంలో. ఒక గేరు తగ్గించి చూడండి. లేదా చైన్‌ను తిప్పే పళ్లచక్రాల్లో ముందుది, అంటే ముందు స్ప్రాకెట్, 15 పళ్లది తీసి 14 పళ్లది వేయండి. ఖర్చు తక్కువ, పికప్ తేడా వెంటనే తెలుస్తుంది.

ఘనంలెక్క:
గేరు సంగతి ఒప్పుకుంటా. స్ప్రాకెట్ మాత్రం హైవే మనిషికి ఇవ్వాల్సిన సలహా కాదు. 15 నుంచి 14 అంటే అదే వేగానికి ఇంజిన్ 7 శాతం ఎక్కువ తిరగాలి. సిగ్నల్ దగ్గర ఉరుకుతుంది, 90లో అరుస్తుంది. స్ప్రాకెట్ కొత్త పవర్ పుట్టించదు, ఉన్నదాన్ని ఏ వేగంలో వాడుకోవాలో మారుస్తుంది, అంతే. పైగా చిన్న పళ్లచక్రం మీద చైన్ ఎక్కువ వంగి త్వరగా అరుగుతుంది. స్పీడోమీటర్ రీడింగ్ గేర్‌బాక్స్ నుంచి వచ్చే బండి అయితే మీటరు 7 శాతం ఎక్కువ చూపించి "ఆహా పెరిగింది" అనిపిస్తుంది కూడా.

రబ్బరు:
వెళ్లడం గురించి ఇంత రాశారు, ఆగడం గురించి ఒక్కరూ ఎత్తలేదు.

పొడి రోడ్డు, మంచి టైర్లు, బ్రేకు పట్టడం తెలిసిన చేయి అనుకుని, స్పందించడానికి ఒక సెకను కలుపుకుంటే: 80 నుంచి ఆగడానికి దాదాపు 54 మీటర్లు, 100 నుంచి 77, 120 నుంచి 104. వేగం ఒకటిన్నర రెట్లయితే దూరం రెట్టింపు. కొత్త బండికి పెద్ద డిస్కులు ఉన్నా రోడ్డుకూ టైరుకూ మధ్య పట్టు ఇంజిన్ సైజును బట్టి పెరగదు.

ఇంకోటి, ఘనంలెక్క గారి ఓవర్‌టేక్ లెక్కలో దాగిన ఊహ ఉంది: కొత్త బండి మీద కూడా మనిషి పాత ఖాళీ కోసమే ఆగుతాడని. ఆగడు. నిన్నటి దాకా అర కిలోమీటరు ఖాళీ కోసం చూసినవాడు వారం తిరక్కుండా 300 మీటర్లకే బయటికి వస్తాడు. అప్పుడు మిగులు మిగలదు, వేగం మాత్రం పెరిగి ఉంటుంది.

వాడిన 400 తీసుకుంటే మొదట చూడాల్సింది టైరు పక్కన ఉండే నాలుగంకెల కోడ్. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. ఎక్కువ రోజులు నిలబడి ఉన్న బండికి పువ్వు నిండుగా కనిపిస్తుంది, రబ్బరు గట్టిపడిపోయి ఉంటుంది. గోరు దిగకపోతే, గాడుల అడుగున సన్న పగుళ్లు ఉంటే టైర్ల ఖర్చు బేరంలో కలపాల్సిందే. బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి మార్చాలి. కాఫీ రంగుకు తిరిగి ఉంటే ఆ బండికి మిగతా సర్వీసు ఎలా జరిగిందో కూడా తెలిసినట్టే.

చైన్‌లూబ్:
వాడిన బండి చూడటం గురించి వచ్చింది కాబట్టి: అమ్మేవాళ్లకు ముందే చెప్పండి, వెళ్లేసరికి ఇంజిన్ చల్లగా ఉండాలని. చెయ్యి పెడితే వెచ్చగా ఉందంటే స్టార్టింగ్ ఇబ్బందో, చల్లటి ఇంజిన్ టకటకో దాచుతున్నారేమో అని అనుమానించాల్సిందే. ముందు చక్రం గాలిలోకి లేపి హ్యాండిల్ మెల్లగా తిప్పండి. సరిగ్గా మధ్యలో చిన్న గాడిలో పడి ఆగినట్టుంటే హ్యాండిల్ తిరిగే బేరింగులు, అంటే కోన్ సెట్ పోయింది. హ్యాండిల్ చివరిదాకా తిప్పినప్పుడు తగిలే స్టాపర్లు వంగి గానీ, పెయింటు రేగి గానీ ఉంటే బండి గట్టిగా పడింది. కొత్త లివర్లు వేయడం తేలిక, స్టాపర్లు ఎవరూ మార్చరు. మల్టీమీటర్ తీసుకెళ్లండి: ఇంజిన్ ఆపి ఉంచినప్పుడు బ్యాటరీ 12.6 వోల్టుల చుట్టూ, 5 వేల ఆర్‌పీఎంలో సుమారు 14 రావాలి. 13 కూడా దాటకపోతే బ్యాటరీని ఛార్జ్ చేసే రెగ్యులేటరో స్టేటరో పోయినట్టు.

మీ పాత బండికి కూడా ఒక స్కేలు పని. చైన్ లాగి పట్టి 20 పిచ్‌లు (ఒక పిన్ను నుంచి పక్క పిన్ను దాకా ఒక పిచ్) కొలవండి. 428 చైన్ అయితే కొత్తలో 254 మిల్లీమీటర్లు. 259 దాటితే చైనూ రెండు స్ప్రాకెట్లూ కలిపి మార్చాలి. చైన్ ఒక్కటే మారిస్తే అరిగిన పళ్లు కొత్త చైన్‌ను కూడా తినేస్తాయి.

టాపెట్:
ట్విన్ నడపడానికి అయ్యే ఖర్చు కూడా ఎవరో ఒకరు చెప్పాలి కదా. 150లో టాపెట్ సర్దడం, అంటే వాల్వుల దగ్గర ఖాళీ సరిచేయడం, స్క్రూ, నట్టు, ఫీలర్ గేజ్, అరగంట పని. అలాంటి ట్విన్లలో చాలావాటికి ఆ ఖాళీ కోసం షిమ్‌లు, అంటే సన్నటి లోహపు బిళ్లలు ఉంటాయి. ట్యాంకు, రేడియేటర్ గొట్టాలు దాటుకుని లోపలికి వెళ్లాలి, ఆ ఖాళీ తప్పితే వాల్వులను తెరిచే క్యామ్ తీసి సరైన మందం షిమ్ వెతకాలి. ఆయిల్ రెట్టింపు పడుతుంది, ప్లగ్‌లు రెండు, కూలెంట్ అదనం, వెనక టైరు వెడల్పు. ఏదీ ఘోరం కాదు. కానీ "ఎప్పుడూ ఆగని బండి" అనే అలవాటుతో దాన్ని వదిలేస్తే ఆగుతుంది.

పాతబండి:
కొలతలు వచ్చాయి. కంప్రెషన్ 9 బార్, మాన్యువల్‌లో 12. ఆయిల్ పోశాక 11. డయాఫ్రమ్ బాగుంది. చైన్ 20 పిచ్‌లకు 260. వెనక చక్రం లేపి చేత్తో తిప్పితే ఒక్క చుట్టు తిరిగి ఆగిపోతోంది. వెయ్యి కిలోమీటర్లకు 300 మిల్లీలీటర్ల దాకా ఆయిల్ తాగుతోంది.

టాపెట్:
రింగులే. అయితే "రింగులు మార్చేయండి" అని వదిలేయకండి. హెడ్ దించాక బోరును పైన, మధ్యలో, కింద, ఒక్కోచోట రెండు దిక్కుల్లో కొలిపించండి. కోడిగుడ్డు ఆకారంలో అరిగి ఉంటే కొత్త రింగులు అంటుకోవు, రెండు నెలల్లో మళ్లీ పొగ. లిమిట్ దాటితే బోరు పెద్దది చేయించి 0.25 లేదా 0.50 మిల్లీమీటర్ల ఓవర్‌సైజ్ పిస్టన్ సెట్ వేయాలి. లిమిట్‌లో ఉంటే హోనింగ్ చేసి, అంటే బోరు గోడను సన్నగా గీరి, రింగులు. రింగును ముందు బోరులో పెట్టి మూతి ఖాళీ కొలవాలి. ఖాళీ లేకుండా వేస్తే వేడికి చివరలు కలుసుకుని ఇంజిన్ పట్టేస్తుంది. వెనక బ్రేకు మాత్రం ఈరోజే విప్పండి. డ్రమ్ము క్యామ్ తుప్పు పట్టి షూలు వెనక్కి రావడం లేదు. మీరు బ్రేకు వేసుకుని 90కి వెళ్లాలని చూస్తున్నారు.

ఘనంలెక్క:
ఇదంతా చేశాక 90లో మిగులు మళ్లీ 3 హెచ్‌పీకి వస్తుంది. అంతకంటే పెరగదు. కాబట్టి ఒక్కటే ప్రశ్న: ఆ హైవే నాలుగు లేన్లదా, రెండు లేన్లదా?

పాతబండి:
రెండు లేన్లు. వారానికి రెండుసార్లు, ఒక్కోసారి 200 కిలోమీటర్లు. లారీలు 70, 80లో పోతుంటాయి.

ఘనంలెక్క:
అయితే మారండి. నాలుగు లేన్లయితే రింగులు వేసి 85లో ప్రశాంతంగా పొమ్మనేవాణ్ని. సగటు 70 నుంచి 80కి పెరిగినా 200 కిలోమీటర్లకు మిగిలేది 21 నిమిషాలే, ఆ మాత్రం సమయం కోసం బండి మార్చనక్కర్లేదు. ఎదురు లేన్‌లోకి వెళ్లి దాటాల్సిన రోడ్డు కాబట్టి చెబుతున్నా.

రబ్బరు:
నేను ఇప్పటికీ ఒప్పుకోను. 70లో పోయే లారీ వెనక పది నిమిషాలు ఉంటే పోయేదేమీ లేదు. మారితే మాత్రం మొదటి వెయ్యి కిలోమీటర్లు పాత ఖాళీలకే ఆగండి, ఖాళీ స్థలంలో 60 నుంచి ముందు బ్రేకును క్రమంగా బిగిస్తూ ఆగడం ఇరవై సార్లయినా చేయండి.

టాపెట్:
మారినా పాతదాన్ని ఈ స్థితిలో అమ్మకండి, పొగ వదిలే బండికి అడిగిన రేటు రాదు. పక్క వీధి పనులకు ఉంచుకుంటే ఇంకా మంచిది. ఇంకో మాట, ఈసారి ప్లగ్ విప్పేముందు దాని చుట్టూ గుంతలో ఉన్న ఇసుకను గాలితో ఊదేయండి. అది సిలిండర్‌లో పడిందంటే బోరు గీరుకుపోతుంది, ఇక కొలవాల్సిన పని కూడా ఉండదు.